డికాషన్ దిగేలోపు ఒక బొమ్మ

నలభై దాటాక బొమ్మలు నేర్చుకోవాలన్న పురుగు తొలిచింది. స్కూల్లో సైన్స్ రికార్డులో కప్ప బొమ్మ కూడా పక్కవాడి చేత వేయించుకున్న బాపతు నేను. అందుకే బాగా వేయాలన్న షరతు పెట్టుకోలేదు. రోజూ ఏదో ఒకటి గీయాలి, అంతే.

షాపులో రకరకాల పెన్సిళ్లున్న పెద్ద డబ్బా చూపించారు. నేను ఏ5 సైజు స్కెచ్ బుక్కూ, ఒక 2బి పెన్సిలూ తెచ్చుకున్నాను. మామూలుగా రాసుకునే హెచ్‌బి పెన్సిల్ కంటే 2బి మెత్తన, కొంచెం నొక్కితే చాలు గీత నల్లగా పడుతుంది. పేజీ చిన్నదైతే త్వరగా నిండుతుంది. పెద్ద తెల్ల కాగితం చూస్తే నాకు టెన్షన్. కొన్నాళ్లకి పెన్సిల్ కూడా పక్కన పెట్టి, మామూలు బాల్ పెన్ పట్టాను. రబ్బరు చేతిలో ఉంటే గీసేదానికన్నా చెరిపేదే ఎక్కువవుతోంది మరి.

అసలు చిక్కు టైముతో వచ్చింది. రాత్రి పడుకోబోయే ముందు అనుకుంటే నిద్ర గెలిచేది. పొద్దున్నే ఫిల్టర్‌లో నీళ్లు పోశాక డికాషన్ దిగేదాకా ఎలాగూ వంటింట్లోనే తచ్చాడుతుంటాను. పుస్తకం, పెన్ను తీసుకెళ్లి కాఫీ పొడి డబ్బా పక్కన పెట్టేశాను. డికాషన్ దిగిందంటే బొమ్మ సగంలో ఉన్నా ఆపేయాలి. ఈ నియమం వల్లే అలవాటు నిలిచిందని నా నమ్మకం. ఇంకాసేపు గీస్తే బాగుండును అనిపిస్తుండగా లేచేవాణ్ని కాబట్టి మర్నాడు చేయి దానంతటదే పుస్తకం మీదికి పోయేది.

ఎదురుగా ఉండేది స్టీలు గ్లాసు. చాలా రోజులు దాన్నే గీశాను. గ్లాసు నోరు గుండ్రం అని తెలుసు కాబట్టి నిండు సున్నా చుట్టేవాణ్ని. అడుగు గట్టు మీద ఆనుతుందని తెలుసు కాబట్టి కింద అడ్డగీత కొట్టేవాణ్ని. తెలిసింది మానేసి కనిపించింది గీయడమే ఈ విద్యలో సగం. గ్లాసును కంటికి సమానంగా ఎత్తి చూడండి, పై అంచు ఒట్టి గీత అయిపోతుంది. కిందికి దించేకొద్దీ అది విచ్చుకుంటుంది. అంటే పైనుంచి చూస్తున్నప్పుడు కంటికి ఎక్కువ కింద ఉన్న అడుగు అంచే, పై అంచుకన్నా ఎక్కువ వంపు తిరుగుతుంది. లెక్కల పుస్తకంలో దీర్ఘవృత్తం అని బట్టీ పట్టిందే ఇది, అక్కడ ఎవరూ గ్లాసు చూపించలేదు. రెండు కొసల దగ్గరా మొన తేలకూడదు, గీత మెల్లగా మలుపు తిరగాలి. అది కుదిరిన రోజు గ్లాసులో కాఫీ పోయొచ్చు అనిపించింది.

కుర్చీకి వేరే ఉపాయం. కాళ్లను వదిలేసి కాళ్ల మధ్య ఖాళీలను గీస్తే కుర్చీ తనే వచ్చి నిలబడుతుంది.

మనుషుల్లో మొదట దొరికింది నాన్న. పేపర్ పట్టుకుంటే అరగంట కదలరు.

“ఏంట్రా, నా బట్టతల వేస్తున్నావా?”

“తల ఎత్తకండి నాన్నా, ముక్కు దగ్గరున్నాను.”

చూసి, “ఎవరిదో గానీ మనిషి తలే” అన్నారు. అది మెప్పే.

మధ్యలో ఒకసారి రాజమండ్రి వెళ్లినప్పుడు చిత్రకారుడు దామెర్ల రామారావు పేరిట ఉన్న ఆర్ట్ గ్యాలరీ చూశాను. ఆయన 1925లో పోయారు, ముప్పై కూడా నిండలేదు. ఆ వయసుకి అంత పని! తిరిగొచ్చాక కొన్నాళ్లు పెన్ను ముట్టబుద్ధి కాలేదు. ఫోన్‌లో ఇతరుల బొమ్మలు చూసినా ఇదే జబ్బు. ఇప్పుడు అవన్నీ గీయడం అయ్యాకే చూస్తాను, ముందు మాత్రం చూడను. తప్పిపోయిన రోజుకు బదులుగా మర్నాడు రెండు వేయడం కూడా మానేశాను, బాకీ తీర్చే పనైతే విసుగొస్తుంది.

ఈ మధ్య నా ఎడమ చేతినే చూసి గీయడం మొదలుపెట్టాను. అరచేయి పరవాలేదు. పిడికిలి బిగిస్తే మాత్రం ఇంకా బంగాళాదుంపే వస్తోంది.