కంప్యూటర్‌లో తంబురా కట్టడం: నా అనుభవం

చెన్నై మైలాపూర్ సభల్లో పాట వినే చెవికి, రికార్డు చేసి లూప్‌లో తిప్పే తంబురా కాసేపట్లోనే పట్టుబడిపోతుంది. ప్రతి మీటూ అచ్చంగా ముందటి మీటే. పైగా శ్రుతి ఒక కట్టై (కర్ణాటక సంగీతంలో శ్రుతి కొలత) పెంచితే తంబురా కుండ కూడా చిన్నదైపోయినట్టు వినిపిస్తుంది. రికార్డుని వేగంగా తిప్పితే తీగతోపాటు చెక్క అనునాదం కూడా పైకి జరుగుతుంది మరి. ఈ రెండు ఇబ్బందులూ పోవాలంటే శబ్దాన్ని దాచుకోవడం మానేసి, తీగ ఎలా కదులుతోందో ఎప్పటికప్పుడు లెక్కగట్టాలి. ఫిజికల్ మోడలింగ్ అంటే అదే. నాలుగు తీగల తంబురాని (పంచమం, ఒకే షడ్జం పలికే సారణి, అనుసారణి, కింది స్థాయి షడ్జం పలికే మంద్రం) ఆ పద్ధతిలో కట్టినప్పుడు ఎక్కడ ఏం తప్పిందో, ఏ అంకె పెడితే కుదిరిందో రాస్తున్నాను.

మొదలుపెట్టడానికి అందరికీ తెలిసిన దారి 1983లో కెవిన్ కార్‌ప్లస్, అలెగ్జాండర్ స్ట్రాంగ్ ప్రచురించిన పద్ధతి. శబ్దాన్ని కాసేపు ఆపి వదిలే ఒక డిలే లైన్, దాని చివర పక్కపక్క శాంపిళ్ల (శబ్దాన్ని క్షణక్షణం కొలిచిన అంకెల) సగటు తీసే చిన్న ఫిల్టర్, అక్కణ్ణుంచి మళ్లీ మొదటికి. శబ్దాల కోసం ఉన్న ఫౌస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నాలుగైదు వరుసల్లో అయిపోతుంది. ఒక కట్టైలో సారణి 130.81 హెర్ట్జ్. శాంపిల్ రేటు సెకనుకి 48000 అయితే ఒక చుట్టుకి 366.94 శాంపిళ్లు కావాలి. ఫిల్టరే అర శాంపిల్ తింటుంది కాబట్టి డిలే 366.44. పంచమం తీగకి అదే లెక్కలో 488.75. దశాంశాలు వదిలేసి 366, 489 పెట్టాననుకోండి, సారణి రెండు సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) పైకి, పంచమం దాదాపు ఒక సెంటు కిందికి పోతాయి. తీగ మూల పౌనఃపున్యానికి రెండు, మూడు, నాలుగు రెట్లలో పలికేవి దాని హార్మోనిక్స్. పంచమం నాలుగో హార్మోనిక్, సారణి మూడో హార్మోనిక్ ఒకే చోట పడాలి. వాటి మధ్య 0.67 హెర్ట్జ్ తేడా వచ్చి, ఒకటిన్నర సెకనుకో ఊపు వినిపిస్తుంది. పంచమాన్ని కీబోర్డు లెక్కలో 98.00 హెర్ట్జ్ పెట్టినా ఇదే గోల, ఊపు కొంచెం నెమ్మదిస్తుందంతే. సారణిని నాలుగుతో భాగించి మూడుతో గుణించాలి, అంటే 98.11. మిగిలిన దశాంశాన్ని ఆల్‌పాస్ ఫిల్టర్‌తో (బలం మార్చకుండా ఆలస్యం మాత్రమే చేసేది) సర్దాలి.

ఇంకో చిక్కు, నాదం ఆరిపోయే తీరు. ఆ సగటు ఫిల్టర్ ఒక్కటే ఉంటే సారణి మూల స్వరం 60 డెసిబెల్స్ తగ్గడానికి లెక్క ప్రకారం 24 నిమిషాలు పడుతుంది. నలభయ్యో హార్మోనిక్‌కి మాత్రం ఒక్క సెకను కూడా పట్టదు. వినడానికి ప్లాస్టిక్ తీగలా ఉంటుంది. లూప్‌లో 0.9947 గుణకం పెడితే మూల స్వరం పది సెకన్లలో ఆరుతుంది. ఫిల్టర్‌లో పక్క శాంపిల్ వంతుని సగం నుంచి ఇరవయ్యో వంతుకి తగ్గిస్తే పై హార్మోనిక్స్ బతుకుతాయి. (డిలే అంకె అప్పుడు మళ్లీ మారుతుంది, మర్చిపోవద్దు.)

ఇంతా చేస్తే వచ్చింది మంచి తీగ మోత. తంబురా కాదు.

ఎందుకు కాదో 1921లోనే సి.వి. రామన్ చెప్పారు. ఈ ఊళ్లోనే ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుకున్న రామన్, కలకత్తాలో ఉండగా వీణ, తంబురాల మీద పని చేశారు. తీగని ఏ బిందువు దగ్గర మీటితే, ఆ బిందువు దగ్గర కదలిక లేని హార్మోనిక్స్ పుట్టకూడదని యంగ్-హెల్మ్‌హోల్ట్జ్ సూత్రం. సరిగ్గా మధ్యలో మీటితే సరిసంఖ్య హార్మోనిక్స్ రాకూడదు. వీణలో, తంబురాలో అవి నిక్షేపంగా వస్తాయని ఆయన చూపించారు. కారణం గుర్రం, అంటే కుండ మీద తీగలు ఆనే బ్రిడ్జి. వయొలిన్ గుర్రంలా తీగని ఒక్క అంచు మీద నిలబెట్టదు. వెడల్పుగా, కొద్దిగా వంపుగా ఉంటుంది. తీగ ఊగిన ప్రతిసారీ ఆ వంపుకి తగిలి, విడివడి, మళ్లీ తగులుతుంది. ఆ తగలడంలోనే కొత్త హార్మోనిక్స్ పుడతాయి. కార్‌ప్లస్-స్ట్రాంగ్ లూప్‌లో తగలడం అనే మాటే లేదు. లేని హార్మోనిక్‌ని ఎంత ఈక్వలైజర్ తిప్పినా తేలేం. తంబురా ప్రాణం తీగలో కాదు, గుర్రంలో ఉంది. నా పనిలో మూడొంతులు దానికే పోయింది.

గుర్రానికీ తీగకీ మధ్య పెట్టే నూలు దారం, జీవాళి, ఇక్కడ అసలు కీలకం. దారం దగ్గర తీగకి ఒక చివర ఏర్పడుతుంది. దానికి కొన్ని మిల్లీమీటర్ల ముందు గుర్రం వీపు తీగకి తాకీ తాకనట్టు ఉంటుంది. 1991లో క్లోడ్ వాలెట్, ఆయన సహచరులు దీన్ని రెండు బిందువుల గుర్రంగా విశ్లేషించారు. ఒక బిందువు దారం, రెండోది ముందున్న తాకిడి. వాళ్లు తేల్చిన ఇంకో సంగతి, తీగకి బిరుసుతనం ఉండాలి. బిరుసు తీగలో హెచ్చు పౌనఃపున్యాల అలలు ముందు పరుగెత్తుతాయి, మిగతావి వెనక వస్తాయి. తంబురా నాదంలో ఒక మెరుపు పైనుంచి కిందికి జారుతున్నట్టు వినిపించేది అందుకే. మోడల్‌లో బిరుసుతనం సున్నా పెట్టి చూశాను. తాకిడి ఉంది, జారుడు లేదు. ఉత్త రొద మిగిలింది.

దీన్ని లెక్కలోకి ఎలా దించాలి? తీగని ముక్కలుగా కోసి గ్రిడ్ మీద లెక్కించడం ఒక పద్ధతి. మీటరు పొడవున్న సారణిలో అల వేగం సెకనుకి 262 మీటర్లు. 48000 రేటుకి ఒక్కో ముక్క 5.45 మిల్లీమీటర్ల కన్నా చిన్నదైతే లెక్క పేలిపోతుంది. జీవాళికీ తాకిడికీ మధ్య దూరమే అంత ఉంటుంది. అందుకని గ్రిడ్ వదిలి తీగని మోడ్‌లుగా, అంటే ఒక్కో హార్మోనిక్‌కి ఒక్కో ఊపుగా, విడగొట్టాను. 20000 హెర్ట్జ్ దాకా సారణికి 152, అనుసారణికి అంతే, పంచమానికి 203, మంద్రానికి 305. ప్రతి శాంపిల్‌కీ అన్ని మోడ్‌లనీ కూడి తాకిడి బిందువు దగ్గర తీగ ఎత్తు తెలుసుకోవాలి. గుర్రం కన్నా కిందికి దిగితే, దిగిన లోతుని బట్టి పైకి తోసే బలం లెక్కగట్టాలి. ఆ బలాన్ని తిరిగి అన్ని మోడ్‌లకీ పంచాలి. నేనైతే ఈ భాగాన్ని సి ప్లస్ ప్లస్‌లో రాశాను.

ఇక్కడ జాగ్రత్త. గట్టి గుర్రం కావాలని తోసే బలం గుణకం పెంచుకుంటూ పోతే, ఒక శాంపిల్‌లో తీగ లోపలికి దూరి, మరుసటి శాంపిల్‌లో లేని శక్తితో బయటికి ఎగురుతుంది. పది శాంపిళ్లలో హెడ్‌ఫోన్‌లో తుపాకీ మోత. ముందటి శాంపిల్ లోతుతో బలం కట్టకుండా, ఈ శాంపిల్ చివర ఎంత లోతు ఉంటుందో ఆ సమీకరణాన్నే న్యూటన్ పద్ధతిలో సాధించి, శక్తి పెరగని విధంగా రాయాలి. ఒక్క బిందువే కాబట్టి నాలుగైదు సార్లు తిప్పితే తేలుతుంది. అది కుదిరే దాకా అవుట్‌పుట్‌లో మోతని హద్దు దాటనివ్వని లిమిటర్ తప్పనిసరి, హెడ్‌ఫోన్ చెవికి పెట్టుకోవద్దు.

ఇంకా మూడు సంగతులు నన్ను వెనక్కి లాగాయి. తాకిడి వల్ల పుట్టే హెచ్చు పౌనఃపున్యాలు మడత పడి కిందికి వచ్చి ఇసుక రాలుతున్నట్టు వినిపిస్తాయి. రేటు 96000కి పెంచితే చాలావరకు పోయింది. ఆ రేటులో మంద్రం మోడ్ గుణకాలని 32 బిట్ల అంకెల్లో దాస్తే, గుండ్రం చేయడం వల్లే 65.41 హెర్ట్జ్ దాదాపు మూడు సెంట్ల దాకా తప్పుతుంది. 64 బిట్లు వాడాలి. ఇక మీటు ఆరిపోయాక ప్రాసెసర్ వాడకం హఠాత్తుగా పెరిగితే బెదిరిపోవద్దు. సున్నాకి చేరువైన అతి చిన్న అంకెలతో ప్రాసెసర్ కుస్తీ పడుతోందన్నమాట. వాటిని సున్నా చేసే సెట్టింగు పెడితే సరి.

జీవాళి సర్దడం నిజం తంబురాలో ఎలాగో ఇక్కడా అలాగే. దారానికీ తాకిడికీ మధ్య 5 మిల్లీమీటర్లతో మొదలుపెట్టి, తాకిడి ఎత్తుని మైక్రోమీటర్ల లెక్కలో కదిపాను. ఎత్తు తక్కువైతే తీగ గుర్రాన్ని మీటిన మొదటి క్షణంలో మాత్రమే తాకుతుంది, ఒక్క చురుకు వచ్చి ఆగిపోతుంది. ఎక్కువైతే తీగ గుర్రం మీదే పడుకుంటుంది, నాదం మూగ. నడుమ ఒక సన్నటి చోటుంది. అక్కడ తాకిడి మీటు చివరిదాకా సాగుతుంది, నాదం విచ్చుకుంటుంది. నాలుగు తీగలకీ ఆ చోటు ఒకటి కాదు, మంద్రం ఎక్కువగా ఊగుతుంది కాబట్టి దానికి విడిగా వెతకాలి. మీటు గట్టిదనం మార్చినా మళ్లీ వెతకాలి. దారాన్ని వెంట్రుకవాసి జరిపే చేతుల విలువ ఈ స్లైడర్ దగ్గర కూర్చుంటే తెలుస్తుంది.

మీటడానికి తీగ స్థితిని ఒక్కసారిగా మార్చేస్తే టిక్కుమంటుంది, ఎందుకంటే ముందటి మీటు ఇంకా మోగుతూనే ఉంటుంది. వేలి బలాన్ని 15 మిల్లీసెకన్లలో మెల్లగా పెంచి వదలాలి. పంచమం, సారణి, అనుసారణి, మంద్రం వరుసలో, ప్రతి మీటు సమయాన్నీ బలాన్నీ రవ్వంత అటూఇటూ చేయాలి. కుండ కోసం తీగలని గుడ్డతో నొక్కి, గుర్రం మీద వేలి కణుపుతో తట్టి రికార్డు చేసుకున్నాను. గుడ్డ లేకపోతే తీగ శ్రుతి కూడా ఆ రికార్డులో ఇరుక్కుంటుంది. చెన్నైలో ఇది రాత్రి రెండు దాటాక, ఫ్యాను ఆపి, చెమటలు కక్కుకుంటూ చేయాల్సిన పని. మొదటి 150 మిల్లీసెకన్లు చాలు, దాన్ని తీగల మోతతో కన్వాల్వ్ చేయాలి, అంటే కుండ స్పందనని ఆ మోతకి అద్దాలి.

కుదిరిందో లేదో చూడటానికి స్పెక్ట్రోగ్రామ్ (పౌనఃపున్యాల బొమ్మ) కన్నా గాంధారమే మంచి పరీక్ష. మంద్రం అయిదో హార్మోనిక్ 327 హెర్ట్జ్, అంటే అంతర గాంధారం. మేళవింపు కుదిరిన తంబురాలో ఎవరూ మీటకుండానే పలికే స్వరం అది. తాకిడి ఆపేసి మంద్రం ఒక్కటే మీటితే ఆ స్వరం వెతుక్కోవాల్సినంత సన్నగా ఉంది. తాకిడి పెట్టి, జీవాళి సరైన చోటికి తెచ్చి మీటాను. మొదట షడ్జం, కాసేపటికి దాని మీద నుంచి గాంధారం లేచి నిలబడింది.