పైది 168, కిందిది 66: నాన్న కిడ్నీ పరీక్షల అనుభవం

నాన్నకి 74 ఏళ్లు. ఊళ్లో బీపీ చూపించినప్పుడల్లా ఒకటే మాట: "పైది కాస్త ఎక్కువ, కిందిది బాగానే ఉంది." నెల్లూరు నుంచి చెన్నై పెరంబూరులో మా ఇంటికి వచ్చినప్పుడు ఇక్కడి కిడ్నీ డాక్టరుకి చూపించాను. 168/66 చూడగానే ఆయన పక్కన రెంటికీ తేడా 102 అని రాశారు. పెద్దవాళ్లలో ఈ తేడా 60 దాటిందంటే పెద్ద రక్తనాళాలు బిరుసెక్కాయేమోనని అనుమానించాలట. గుండె కొట్టినప్పుడల్లా ధమని సాగి ఆ తాకిడిని తనలో ఇముడ్చుకోవాలి. సాగకపోతే అది నేరుగా ముందుకి పోతుంది. గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు కిడ్నీలకే. అక్కడి సన్నటి నాళాల మీద పడుతుంది దెబ్బంతా.

నాడి అల ధమనుల్లో ఎంత వేగంగా పోతుందో కొలిచే పల్స్ వేవ్ వెలాసిటీ పరీక్ష (ధమని బిరుసెక్కితే వేగం పెరుగుతుంది) అన్నిచోట్లా ఉండదు, వెతికి పట్టుకున్నాం. కాఫీ తాగకుండా రమ్మన్నారు. పడుకోబెట్టి, తొడకి పట్టీ చుట్టి, మెడ మీద పెన్నులాంటి సెన్సర్ ఆనించారు. టేపుతో దూరం కొలుస్తుంటే "చొక్కా కుట్టిస్తారా అమ్మా?" అన్నారు నాన్న. సెకనుకి 12 మీటర్ల పైన వచ్చింది. 10 దాటితేనే ఎక్కువని లెక్క.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది మిగతా రిపోర్టులు. కిడ్నీలు వడకట్టి పంపాల్సిన వ్యర్థం, క్రియాటినిన్, రక్తంలో 1.3, ల్యాబ్ కాగితం ప్రకారం నార్మలే. వయసు కలిపి లెక్కేస్తే ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంచనా, 58. మూత్రంలో ప్రొటీన్ పోతోందేమో చెప్పే అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి 30 లోపు ఉండాల్సింది 140 ఉంది. ఇన్నేళ్ల బీపీకి ఆ మూత్ర పరీక్ష ఒక్కసారీ ఎవరూ రాయలేదు. చాలా బాధేసింది. మీ ఇంట్లో పెద్దవాళ్లకి బీపీ ఉంటే దయచేసి అడిగి రాయించుకోండి.

మోకాళ్ల నొప్పికి వేసుకునే డైక్లోఫెనాక్ ఆపించారు. టెల్మిసార్టాన్ అనే బీపీ మందు తక్కువ డోసుతో మొదలుపెట్టారు. నిలబెట్టి కూడా బీపీ చూశారు, లేవగానే పడిపోతే కళ్లు తిరుగుతాయని. రెండు వారాలకి పొటాషియం, క్రియాటినిన్ మళ్లీ చూస్తే క్రియాటినిన్ కాస్త పెరిగింది. హడలిపోయాను. ఈ మందు మొదలుపెట్టాక 30 శాతం లోపు పెరిగితే ఫర్వాలేదు, మానొద్దు అన్నారు.

మూడు నెలల తర్వాత నిష్పత్తి 80కి దిగింది. ఈజీఎఫ్ఆర్ 60 లోపే ఉండటంతో కిడ్నీ జబ్బు ఖాయమైంది, కానీ ఆ అంకె ఇంకా కిందికి జారలేదు. ఉప్పు రోజంతా కలిపి 5 గ్రాములు దాటకూడదు కాబట్టి ఆవకాయ జాడీ ఇప్పుడు మా అత్తయ్య వాళ్లింట్లో ఉంది.