కాకినాడ ఉప్పుటేరు నుంచి యానాం దాకా, 15 హార్స్‌పవర్ మోటారుతో

జగన్నాథపురం దగ్గర ఉప్పుటేరులో బయల్దేరి, కాకినాడ అఖాతం దాటి, గాడేరు పాయలోంచి భైరవపాలెం వైపు వెళ్లి, అక్కణ్ణుంచి గౌతమి మీద యానాం చేరాలన్నది మా దారి. రోడ్డున పోతే ముప్పై కిలోమీటర్ల చిల్లరే. నీటి మీద మాత్రం చాలా చుట్టు. ఉప్పునీరు, బురదనీరు, వలల మధ్య నీరు, ఇసుక మేటల నీరు అన్నీ తగులుతాయి. ఒక్కోచోట మోటారులో ఒక్కో భాగం దెబ్బతింటుంది. కోరంగి అభయారణ్యం 1978లో ప్రకటించింది, దాదాపు 235 చదరపు కిలోమీటర్లు. లోపలి పాయల్లోకి అటవీశాఖ అనుమతి లేకుండా మోటారు బోటు తీసుకెళ్లకండి.

బోటు ఫైబర్‌ది. మోటారు వెనక తగిలించే అవుట్‌బోర్డ్ రకం, రెండు సిలిండర్ల టూ స్ట్రోక్. వెనక చెక్క ఎత్తు 20 అంగుళాలు కాబట్టి లాంగ్ షాఫ్ట్ తీసుకున్నాం. 15 అంగుళాల షాఫ్ట్ మోటారు అదే చెక్కకు తగిలిస్తే ప్రొపెల్లర్ నురగలో తిరుగుతుంది. ఇంజిన్ రేస్ అవుతుంది, బోటు మాత్రం నత్తనడకే. ప్రొపెల్లర్ పైనుండే అడ్డపలక బోటు అడుగుకు సమంగా గానీ, ఒక అంగుళం లోపు కిందకు గానీ ఉండాలి.

ఉప్పుటేరు గట్టు మీదే పెట్రోలులో ఆయిల్ కలుపుకున్నాం. 50:1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 24 లీటర్ల ట్యాంకుకు 480. కొత్త మోటారు రన్నింగ్-ఇన్‌లో చాలావాటికి 25:1, అంటే రెట్టింపు. ఏదైనా మీ మోటారు పుస్తకం చెప్పిందే చివరి మాట. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉన్న ఆయిలే పోయాలి. బైకుల టూటీ ఆయిల్ చవకని పోసేవాళ్లున్నారు. అది గాలితో చల్లబడే వేడి ఇంజిన్ల కోసం చేసింది. నీటితో చల్లబడే ఇంజిన్‌లో మసి పేర్చి, పిస్టన్ రింగుల్ని గాడుల్లో బిగదీస్తుంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. సముద్రపు గాలిలో తడిని అది పీల్చుకుంటుంది. తడి ఒక హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతాయి. ఆయిల్ పైనున్న పెట్రోలులో ఉండిపోతుంది. ట్యాంకు గొట్టం లాగేది అడుగు నుంచే కదా, అంటే ఇంజిన్‌కు ఆయిల్ లేని నీళ్ల ఇథనాల్ వెళుతుంది. అందుకే కలిపిన పెట్రోలును నెల దాటి ఉంచకూడదు, నీటిని విడదీసే ఫిల్టర్ తప్పకుండా ఉండాలి. ఫుల్ రేసులో ఈ మోటారు గంటకు ఆరేడు లీటర్లు తాగుతుంది. పోవడానికి మూడో వంతు, రావడానికి మూడో వంతు, చేతిలో మూడో వంతు అని లెక్క వేసుకున్నాం.

స్టార్ట్ కాకపోతే కౌలింగ్, అంటే మోటారు పై మూత, విప్పే ముందు ఎర్ర తాడు చూడండి. దాని కొసనుండే కిల్ స్విచ్ (ఇంజిన్‌ను ఆపే స్విచ్) క్లిప్పు ఊడి ఉంటే ఎంత లాగినా నిప్పురవ్వ రాదు. మెకానిక్ కోసం కబురు పెట్టిన బోట్లలో ఆ క్లిప్పు పెట్టగానే లేచినవి ఎన్నో! తర్వాత గేరు న్యూట్రల్‌లో ఉందా, ట్యాంకు మూత మీది గాలి స్క్రూ తెరిచి ఉందా అని చూడాలి. ఆ తర్వాత పెట్రోలు గొట్టం మధ్యనుండే రబ్బరు బల్బు, దాని మీది బాణం పైకి చూసేలా పట్టుకుని గట్టిపడేదాకా నొక్కాలి.

ఆ బల్బును చదవడం వస్తే సగం రిపేరు వచ్చినట్టే. ఎంత నొక్కినా మెత్తగానే ఉంటే ఎక్కడో గాలి పీలుస్తోంది. ఎక్కువగా మోటారు వైపు కనెక్టర్‌లోని ఓ-రింగు అరిగిపోయి ఉంటుంది. నడుస్తుండగా బల్బు లోపలికి నొక్కుకుపోతే గాలి స్క్రూ మూసుకుందని. ఇంజిన్ పది నిమిషాలు బాగా నడిచి, ఆగి, కాసేపటికి మళ్లీ స్టార్టయ్యే జబ్బు చాలాసార్లు ఇదే. బల్బు గట్టిగానే ఉంది, ఇంజిన్ లేవడం లేదంటే అప్పుడు ప్లగ్గులు విప్పాలి. ప్లగ్గు పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదు. తడిసి ఉంటే ఓవర్‌ఫ్లో గానీ, స్పార్క్ లేకపోవడం గానీ. ప్లగ్గుల్ని తుడిచి, చోక్ పూర్తిగా ఆఫ్ చేసి, థ్రాటిల్ తెరిచి నాలుగైదుసార్లు తాడు లాగితే ఓవర్‌ఫ్లో పోతుంది. మా మోటారుకు ప్లగ్గు బీ7హెచ్‌ఎస్-10, చివరి 10 అంటే గ్యాపు 1.0 మిల్లీమీటరు. ఒక సిలిండర్ మిస్సింగ్ కొడితే రెండు ప్లగ్గుల్నీ అటూ ఇటూ మార్చండి. జబ్బు ప్లగ్గుతో పాటు జరిగితే ప్లగ్గు పోయింది. ఉన్నచోటే ఉంటే కాయిల్, వైరు, లేదా ఆ సిలిండర్ కార్బురేషన్.

అఖాతంలో పెద్ద అల లేదు. హోప్ ఐలాండ్ ఇసుకదిబ్బ పొడుగ్గా అడ్డం పడి, బంగాళాఖాతపు తాకిడిని ఆపుతుంది. కాకినాడకు ఓడలు నిలిచే చోటు దొరికింది దాని వల్లే. చలికాలం ఉదయం, ఈశాన్య గాలి ఇంకా లేవలేదు. ఇక్కడ ఫుల్ రేసులో నడపొచ్చు, మోటారు ఆరోగ్యం కూడా అప్పుడే తెలుస్తుంది. నెమ్మదిలో చక్కగా నడిచి, రేస్ పెంచితే గునిసే మోటారుకు కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే పెద్ద కన్నం, అంటే మెయిన్ జెట్టులో గానీ ఫ్యూయల్ పంపులో గానీ లోపం. రేసులో బాగుండి, ఐడ్లింగ్‌లో చోక్ లాగితే తప్ప నిలబడని దానికి చిన్న కన్నం, అంటే పైలట్ జెట్టులో జిగురు. కార్బురేటర్ క్లీనర్ స్ప్రే, నైలాన్ దారంతోనే శుభ్రం చేయాలి. ఉక్కు తీగ దూరిస్తే కన్నం పెద్దదవుతుంది, ఇక ఎప్పటికీ ట్యూనింగ్ కుదరదు. పైలట్ స్క్రూ విప్పే ముందు మెల్లగా లోపలికి బిగించి ఎన్ని చుట్లు తిరిగిందో రాసుకుంటే తిరిగి అక్కడికే తేవచ్చు.

గాడేరు మొగలోకి దిగేసరికి పాటు మొదలైంది. రెండు వైపులా మడ చెట్లు, ఊపిరి వేళ్లు బయటపడుతున్న నల్ల బురద. తిల్ల చెట్లు ఒంగిన చోట చెయ్యి చాచకండి, దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. నీరు మోకాలి లోతుకు పలచబడితే మోటారును షాలో వాటర్ స్థానానికి ఎత్తి, నెమ్మదిగా నడపాలి. ఎత్తినా సరే, మోటారు కాలు (నీళ్లలో దిగే కింది భాగం) మీది నీళ్లు లాగే జల్లెడ మునిగే ఉండాలి. మా సరంగు, మేం బాబాయ్ అని పిలిచే పెద్దాయన, ఒకటే చెప్పారు: "నీళ్లు కొడతందో లేదో సూడండి బాబూ, దారి నే సూసుకుంటా."

ఆయన చెప్పింది మోటారు వెనక నుంచి కొట్టే సన్నటి ధార గురించి. అది ఆగిన క్షణం ఇంజిన్ ఆపేయాలి. ముందుగా ధార వచ్చే కన్నంలో సన్న నైలాన్ తీగ దూర్చి చూడండి, తరచు అక్కడ బురద గడ్డ కడుతుంది. జల్లెడ మీద ప్లాస్టిక్ సంచీ అంటుకుందేమో చూడండి. రెండూ కాకపోతే ఇంపెల్లర్, అంటే నీళ్ల పంపులో తిరిగే రబ్బరు చక్రం. రబ్బరు రెక్కలు ఒండ్రునీటిలో సానపట్టినట్టు అరుగుతాయి. సముద్రంలో ఏడాది నడిచేది ఇలాంటి పాయల్లో అంతకాలం ఆగదు.

ఇంపెల్లర్ మార్చడం ఒడ్డున చేసే పని. గేరు కడ్డీ కలిపిన చోట విడదీసి, కాలి బోల్టులు తీస్తే కింది భాగం జారి వస్తుంది. పంపు గిన్నె నాలుగు బోల్టులు విప్పాలి. కొత్త ఇంపెల్లర్‌కు సబ్బునీళ్లు రాసి, గిన్నెను కిందకు నొక్కుతూ షాఫ్టును పైనుంచి చూస్తే కుడివైపుకు తిప్పాలి. ఎడమకు తిప్పితే రెక్కలు తిరగబడతాయి. చిన్న తాళం ముక్క, అదే కీ, బురదలో పడితే పని ఆగిపోతుంది, కింద గుడ్డ పరచండి. గిన్నె లోపల, కింది పలక మీద వేలిగోరుకు తగిలే గీతలుంటే అవీ మార్చాల్సిందే. పాత దానిలో రెక్క ముక్క తగ్గితే వదిలేయకండి, అది పైకెళ్లి థర్మోస్టాట్ (వేడెక్కితే నీటికి దారి తెరిచే కవాటం) దగ్గర చిక్కుకుంటుంది. బిగించేటప్పుడు నీటి గొట్టం పంపు రబ్బరులో సరిగ్గా దిగాలి. షాఫ్ట్ పళ్ల పక్కలకు గ్రీజు రాయండి, పైకొసకు మాత్రం వద్దు. అక్కడ గ్రీజు చిక్కుకుంటే షాఫ్ట్ పూర్తిగా ఎక్కదు.

భైరవపాలెం దగ్గర పీతల వలలు, కట్టుడు వలలు ఎక్కువ. నైలాన్ దారం ఒకటి చుట్టుకుంది. చుట్టుకున్నప్పుడు రివర్స్‌లో తిప్పి లాగేయాలని చూడకండి. ఇంజిన్ ఆపి, కిల్ క్లిప్పు తీసి, మోటారు ఎత్తి, ప్రొపెల్లర్ నట్టు విప్పి వెనక చూడాలి. దారం షాఫ్ట్ మీద కరిగి, గట్టి ఉంగరంలా మారి, గేరు పెట్టెలోకి నీరు రాకుండా ఆపే రబ్బరు సీలు పెదవిని కోస్తుంది. పైకి కనిపించేది కత్తిరించి వదిలేస్తే నీరు గేరు పెట్టెలోకి చేరుతూనే ఉంటుంది. తేల్చుకోవడానికి మోటారును నిలువుగా ఉంచి, కింది స్క్రూ కొద్దిగా వదిలి కాస్త గేరాయిల్ దించి చూశాం, నల్లగానే ఉంది. నీరు చేరితే పాలెక్కువైన టీ రంగులో దిగుతుంది. అలా కనిపిస్తే సీలు మార్చే దాకా నడపకూడదు, బేరింగులు తుప్పు పడతాయి. కింది స్క్రూ అయస్కాంతానికి సన్నటి బూడిదలాంటి పొడి ఉండటం మామూలే. చిన్న ముక్కలు కనిపిస్తే పళ్లు విరుగుతున్నట్టు. కొత్త ఆయిల్ నింపేటప్పుడు కింది కన్నం నుంచే ట్యూబుతో నొక్కుతూ, పై కన్నంలోంచి కారేదాకా పోయాలి. మా మోటారుకు సుమారు 250 మిల్లీలీటర్లు. ముందు పై స్క్రూ బిగించి, తర్వాత ట్యూబు తీసి కిందిది. రెంటికీ కొత్త వాషర్లు వేయకపోతే శ్రమ వృథా.

గౌతమి మీద ఇసుక మేటలు ఏడాదికో చోటుకు జరుగుతాయి, పాత గుర్తులు నమ్మకండి. ప్రొపెల్లర్ హబ్బు నుంచి రెక్కల డొప్ప దాకా పెయింటుతో ఒక అడ్డగీత ముందే గీసి ఉంచాం. నేల తగిలాక ఆ గీత విరిగితే, లోపలి రబ్బరు జారిందని అర్థం. రేస్ పెంచితే ఇంజిన్ కేక పెడుతుంది, బోటు నడవదు. నెమ్మదిగా తీసుకెళితే ఇల్లు చేరొచ్చు. చిన్న, రెండు మూడు హార్స్‌పవర్ మోటార్లలో రబ్బరు బదులు షియర్ పిన్ను ఉంటుంది. అది విరగడానికే పెట్టింది కాబట్టి మేకు ముక్క దూర్చి నడిపితే తర్వాత విరిగేవి గేర్లు.

యానాంలో పెట్రోలు ఆంధ్ర కంటే చవక, తిరుగు ప్రయాణానికి అక్కడే నింపుకున్నాం. కానీ ముందు మోటారు కడగాలి. వరదల్లో ఇక్కడి గౌతమి తియ్యగా ఉంటుంది. నీరు తగ్గే కొద్దీ ఉప్పు పైకెక్కుతుంది. కాబట్టి నదినీటితో కడిగాం అనుకోవడం చలికాలంలో పనికిరాదు. కుళాయినీళ్లు డ్రమ్ములో జల్లెడకు పైదాకా నింపి, ప్రొపెల్లర్ తీసేసి, న్యూట్రల్‌లో పది పదిహేను నిమిషాలు ఐడ్లింగ్‌లో నడిపించాం. థర్మోస్టాట్ తెరుచుకునేంత వేడెక్కితేనే నీరు సిలిండర్ చుట్టూ తిరిగి ఉప్పు కరుగుతుంది, రెండు నిమిషాలు తిప్పితే చాలదు. చివర్లో పెట్రోలు గొట్టం పీకేసి దానంతట అది ఆగేదాకా వదిలితే కార్బురేటర్ ఖాళీ అవుతుంది. కాలును తుప్పు నుంచి కాపాడే జింకు ముక్క సగానికి తినబడి ఉంటే మార్చాలి, దాని మీద రంగు వేయకూడదు. రంగు వేస్తే జింకు బదులు అల్యూమినియం కాలే తినబడుతుంది. మోటారును నిలువుగానే వదిలి, లోపలి నీరంతా కారాక కౌలింగ్ మూసి, పోటు వేళ కోసం ఆగాం.