ప్లాటు చూడటానికి వానాకాలంలో వెళ్ళండి

ఆదివారం మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, షాద్‌నగర్ దగ్గర 150 గజాల ప్లాటు, రేపే అడ్వాన్స్ ఇవ్వమంటున్నారు" అన్నాడు. నా గుండె గుభేలుమంది. ఆరేళ్ళ క్రితం నేనూ ఇలాగే తొందరపడ్డాను. ఏప్రిల్‌లో చూసినప్పుడు ఎండిన నేల, రంగు రాళ్ళు, కొత్త కమాను. ఆగస్టులో వెళ్తే నా ప్లాటులో మోకాలిలోతు నీళ్ళు! అది చెరువు బఫర్ జోన్ అట. 25 ఎకరాలు, అంతకంటే పెద్ద చెరువైతే ఎఫ్‌టీఎల్ హద్దు (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్ళు నిలిచే గీత) నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు వదలాలని అప్పుడే తెలిసింది. అడ్వాన్స్‌లో సగమే వెనక్కొచ్చింది. అమ్మ గాజులు కుదువపెట్టి తెచ్చిన డబ్బది.

అందుకే వాడికి గంటసేపు చెప్పాను. సర్వే నంబరు అడుగు. నిషేధిత భూముల జాబితాలో, అదే 22-ఏలో, ఉందేమో చూడు. ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే ఈసీని ముప్పై ఏళ్ళకు తీయించు, లింకు డాక్యుమెంట్లు, అంటే పాత అమ్మకపు దస్తావేజులు, మన లాయరుకే చూపించు, వాళ్ళ లాయరుకు కాదు. రియల్ ఎస్టేట్ ప్రాజెక్టుల నియంత్రణ సంస్థ రెరా ఇచ్చే నంబరును దాని వెబ్‌సైట్‌లో నువ్వే సరిచూసుకో, బ్రోచర్‌ను నమ్మకు. రెరా కింద ఉన్న ప్రాజెక్టులో రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు, ఇది చట్టం. రిజిస్ట్రేషన్‌కు ఇంకో ఏడున్నర శాతం పక్కన పెట్టుకో.

పక్క పొలం రైతుతో మాట్లాడమని మాత్రం రెండుసార్లు చెప్పాను. నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో ఆయనకు తెలిసినంతగా ఏ కాగితమూ చెప్పదు.

అడ్వాన్స్ ఆపాడు. శనివారం ఇద్దరం కలిసి వెళ్తున్నాం.