ఫ్రీమాంట్ నుంచి లగూనా సెకాకి మియాటా మీద: రోడ్డుకీ ట్రాక్‌కీ ఒకే సస్పెన్షన్

కాలిఫోర్నియాలో మాంటెరే పక్క కొండల మధ్య ఉంది లగూనా సెకా రేస్ ట్రాక్. ఫ్రీమాంట్ నుంచి గంటన్నర దారి. ట్రాక్ డేకి, అంటే సొంత బండిని రేస్ ట్రాక్ మీద తిప్పుకోనిచ్చే రోజుకి, చాలామంది బండిని ట్రెయిలర్ మీద ఎక్కించి తెస్తారు. నేను తీసుకెళ్లింది రెండో తరం మాజ్డా మియాటా అనే చిన్న రెండు సీట్ల కారు. ఎన్‌బీ అంటారు. దాన్ని నడుపుకుంటూ వెళ్లాలి, ట్రాక్ మీద తిప్పాలి, మళ్లీ అందులోనే ఇంటికి రావాలి. అందుకే రోడ్డుకీ ట్రాక్‌కీ మధ్య మార్చాల్సినవి ఎంత తక్కువ ఉంటే అంత మంచిదని నా అభిప్రాయం. టైర్లలో గాలి, డ్యాంపర్ (స్ప్రింగు ఊపును అణిచే షాక్ అబ్జార్బర్) నాబ్ క్లిక్కులు. ఈ రెండూ మారిస్తే చాలు అన్నట్టుగా మిగతాదంతా ఇంటి దగ్గరే కుదుర్చుకోవాలి.

అసలు ప్రయాణం గ్యారేజీలోనే మొదలవుతుంది. పాత బుష్‌ల (సస్పెన్షన్ ఆర్మ్‌ల కీళ్లలో ఉండే రబ్బరు దిమ్మలు) మీద ఎంత ఖరీదైన కాయిలోవర్లు (స్ప్రింగు, డ్యాంపర్ కలిసిన సెట్లు) బిగించినా డబ్బు దండగ. రబ్బరు చచ్చిపోతే బ్రేకు వేసినప్పుడు ఆర్మ్ వెనక్కి జరుగుతుంది, దాంతో మిల్లీమీటర్లు లెక్కపెట్టి పెట్టిన టో (పై నుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) కూడా పోతుంది. బండిని స్టాండ్ల మీద నిలబెట్టి, చక్రాన్ని గడియారంలో 12, 6 అంకెలు ఉండే చోట పట్టుకుని ఊపాలి. అక్కడ ఆట ఉంటే బాల్ జాయింటో వీల్ బేరింగో అరిగింది. బ్రేకు నొక్కి పట్టించి మళ్లీ ఊపితే ఏదో తేలిపోతుంది: బ్రేకుతో ఆట పోతే బేరింగ్, పోకపోతే బాల్ జాయింట్. 9, 3 దగ్గర ఆట ఉంటే టై రాడ్ ఎండ్ చూడాలి. చిన్న గతుకుల మీద నెమ్మదిగా పోతున్నప్పుడు టకటకమంటే ముందు అనుమానించాల్సింది యాంటీ రోల్ బార్ (మలుపులో బండి వాలడాన్ని తగ్గించే కడ్డీ) లింకుల్ని, తర్వాత డ్యాంపర్ పైమౌంట్ నట్టుని.

బుష్‌లు మార్చేటప్పుడు ఒక సంగతి తప్పనిసరిగా గుర్తుంచుకోవాలి. రబ్బరు బుష్ లోపలి గొట్టం తిరగదు, రబ్బరే మెలి తిరుగుతుంది. చక్రాలు గాల్లో వేలాడుతుండగా బోల్టులు బిగించేస్తే, బండి కిందికి దిగగానే ఆ రబ్బరు ఎప్పటికీ మెలికలోనే ఉండిపోయి కొన్ని నెలల్లో చిరుగుతుంది. చక్రాల కింద చెక్కలు పెట్టి, బండి బరువంతా వాటి మీద ఆనిన తర్వాతే ఆఖరి టార్క్ వేయాలి. పాలీయురేథేన్ బుష్‌లకు ఈ బాధ లేదు. కానీ వాటికి గ్రీజు పెడుతూ ఉండాలి, లేకపోతే కీచుమంటూ బిగుసుకుంటాయి. రోడ్డుకీ ట్రాక్‌కీ వాడే బండికి మాజ్డా రేసింగ్ విభాగం అమ్మే గట్టి రబ్బరువే మేలని నా అనుభవం.

స్ప్రింగుల దగ్గర చాలామంది తొందరపడతారు. స్పెక్ మియాటా (అందరూ ఒకే రకం మియాటాలతో పోటీపడే రేసు) బండ్లలో ముందు స్ప్రింగు అంగుళం కుంగాలంటే 700 పౌండ్ల బరువు పడాలి, వెనకదానికి 325. కిలోల్లో చెప్పుకుంటే ముందు మిల్లీమీటరుకు పన్నెండున్నర. ఈ బండిలో స్ప్రింగు కదలిక చక్రం కదలికలో దాదాపు 0.7 వంతు ఉంటుంది కనుక, ఆ స్ప్రింగుతో ముందు భాగం సెకనుకు రెండున్నర సార్లు ఊగుతుంది. రేసుకి అది బాగుంటుంది, ఆఫీసుకి వెళ్లే దారిలో నడుము పట్టేస్తుంది. నా బండిలో ముందు 8 కిలోల స్ప్రింగులు, వాటికి తగ్గట్టు వెనక కాస్త మెత్తనివి. లెక్క వేస్తే సెకనుకు రెండు ఊపులు. రోడ్డు భరించగలిగిన గట్టిదనం దాదాపు అంతే.

తెల్లవారుజామున 880 ఫ్రీవే ఎక్కి, శాన్ హోజేలో 101 పట్టుకున్నాను. డ్యాంపర్లు రోడ్డు సెట్టింగులో ఉన్నాయి: పూర్తిగా మూసిన స్థానం నుంచి 14 క్లిక్కులు తెరిచి. క్లిక్కులు ఎప్పుడూ మూసిన వైపు నుంచే లెక్కపెట్టాలి. తెరిచిన వైపు ఆఖరి అంచు ఒక్కో డ్యాంపర్‌లో ఒక్కోలా ఉంటుంది. గిల్‌రాయ్ దాకా ఫ్రీవే కాంక్రీటు అతుకులు బండిని పరీక్షిస్తూనే ఉంటాయి. 2,265 ఎంఎం వీల్‌బేస్ ఉన్న చిన్న బండి కదా, ముందు చక్రం దెబ్బ సద్దుమణగక ముందే వెనక చక్రం అతుకు ఎక్కుతుంది. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, అతుకు తగిలినప్పుడు డ్యాంపర్ రాడ్ చాలా వేగంగా కదులుతుంది, మలుపులో బండి వాలేటప్పుడు మెల్లగా కదులుతుంది. ఒకే నాబ్ ఉన్న కాయిలోవర్లలో చాలావాటికి ఆ నాబ్ పనిచేసేది ప్రధానంగా రెండో రకం కదలిక మీద. కాబట్టి అతుకుల దగ్గర దెబ్బ పదునుగా ఉంటే నాబ్ ఎంత తెరిచినా పూర్తిగా పోదు, ముందు టైరు గాలి చూసుకోవాలి. పల్లం దాటాక బండి తేలుతూ రెండోసారి కూడా ఊగితే మాత్రం రెండు క్లిక్కులు మూయాలి.

సలీనాస్ నుంచి 68వ నంబరు హైవే మీదుగా ట్రాక్ గేటు చేరేసరికి సముద్రం మీది మంచు ఇంకా విడవలేదు. చాలా రోజుల్లో ఇక్కడ శబ్ద పరిమితి 90 డెసిబెల్స్. కంపెనీ సైలెన్సర్ ఉన్న మియాటాకి ఇబ్బంది లేదు. సామాను దించి, చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో 110 న్యూటన్ మీటర్లకు చూసి, ప్రతి డ్యాంపర్ రాడ్‌కీ ఒక చిన్న ప్లాస్టిక్ జిప్ టై కట్టి డ్యాంపర్ బాడీకి ఆనేదాకా జరిపాను. బండి తిరిగొచ్చాక ఆ టై ఎంత జరిగిందో చూస్తే రాడ్ ఎంత లోపలికి దిగిందో తెలిసిపోతుంది. పైసా ఖర్చు లేని ఈ కొలత చెప్పినంత నిజం చాలా ఖరీదైన పరికరాలు కూడా చెప్పవు.

ట్రాక్ పొడవు 2.238 మైళ్లు, మలుపులు 11. గడియారానికి ఎదురు దిశలో తిరుగుతుంది కాబట్టి ఎక్కువ భారం ఎడమ మలుపులది, అంటే శ్రమంతా కుడి టైర్లది; అవే ఎక్కువ వేడెక్కి వాటిలో గాలి ఒత్తిడీ ఎక్కువ పెరుగుతుంది. అందుకని చల్లగా ఉన్నప్పుడు ఎడమవైపు 25, కుడివైపు 24 పీఎస్ఐ పెట్టాను. 2023లో తారు కొత్తగా వేశారు, పట్టు బాగుంది. పట్టు పెరిగితే బండి వాలడమూ పెరుగుతుంది, టైరు బయటి భుజం మీద భారమూ పెరుగుతుంది. పాత తారు మీద రాసుకున్న క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం పైభాగం లోపలికి వాలి ఉండే కోణం) అంకెలు ఇప్పుడు తక్కువ పడతాయి.

మొదటి సెషన్‌కి నాలుగు డ్యాంపర్లూ 8 క్లిక్కులకు తెచ్చాను. రెండో మలుపు ఆండ్రెట్టి హెయిర్‌పిన్. పొడవైనది, రెండుసార్లు లోపలి అంచుకు రావాలి. ఆరో మలుపులో లోపలి అంచు దగ్గర ఒక పల్లం ఉంది. వేగంగా దిగితే బండి మొత్తం కిందికి కుంగుతుంది. బండిని మరీ కిందికి దించినవాళ్లకి ఇక్కడే బంప్ స్టాపులు (డ్యాంపర్ అడుగు తాకకుండా ఆపే రబ్బరు దిమ్మలు) తగులుతాయి. తగిలిన క్షణంలో ఆ మూల స్ప్రింగు గట్టిదనం ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరిగి టైరు జారుతుంది. నడిపేవాళ్లు డ్యాంపర్‌ని తిట్టుకుంటారు, తప్పు మాత్రం ఎత్తుది. నా బండిలో చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచుకు ముందు 325, వెనక 330 ఎంఎం. ఇంకో 15 ఎంఎం దించితే చూడ్డానికి బాగుంటుంది, ఆరో మలుపులో బాగుండదు.

తర్వాత కార్క్‌స్క్రూ. ఎనిమిదో మలుపు నుంచి 8ఏ దిగేసరికి 59 అడుగుల పల్లం. కొండ మీద నుంచి బండి ముందు భాగం జారేటప్పుడు చక్రాలు కిందికి చాచుకుని రోడ్డును వెతుక్కోవాలి. రీబౌండ్ (డ్యాంపర్ తిరిగి చాచుకునేటప్పటి అడ్డు) మరీ బిగించి ఉంటే చక్రం అంత త్వరగా దిగలేదు, టైరు గాల్లో తేలినట్టు స్టీరింగు తేలికైపోతుంది. మొదటి రెండు ల్యాపుల్లోనే ఇది తెలిసింది. పిట్‌లోకి (ట్రాక్ పక్కన బండి ఆపే చోటు) వచ్చి ముందు డ్యాంపర్లు రెండు క్లిక్కులు తెరిచాను. వెనకవి ముట్టుకోలేదు. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు. తర్వాత ల్యాపులో 8ఏ దగ్గర ముందు చక్రాలు రోడ్డును వదల్లేదు.

సెషన్ అయిపోగానే బండి ఆపి, ఇంజన్ కూడా తర్వాత సంగతి అనుకుని ముందు టైర్ల దగ్గరికి వెళ్లాలి. సూది గుచ్చే పైరోమీటర్ వాడాలి. దూరం నుంచి చూపించే ఇన్‌ఫ్రారెడ్ గన్ పైపొర వేడినే చెబుతుంది, ఆ పొర పిట్ దారిలోనే చల్లారిపోతుంది. కుడి ముందు టైరు లోపలివైపు 77 డిగ్రీలు, మధ్యలో 81, బయట 88. గాలి 31 పీఎస్ఐకి చేరింది. తేలికైన మియాటాకి వేడి మీద 29 నుంచి 31 సరిపోతుంది, మధ్య అంకె కూడా రెండు అంచుల నడుమే ఉంది కనుక గాలిది తప్పు కాదు. బయటి అంచు లోపలికంటే 11 డిగ్రీలు ఎక్కువంటే క్యాంబర్ చాలడం లేదు. లోపలివైపు అయిదారు డిగ్రీలు ఎక్కువగా ఉండాల్సిన చోట తలకిందులైంది.

పక్కనే మరో మియాటాతో వచ్చిన విజయవాడ కుర్రాడు టైరు మీదికి వంగి చూశాడు.

"అన్నా, నాది రెండో మలుపులో ముందుకే తోసేస్తోంది. డ్యాంపర్లు ముందు మెత్తగా పెట్టనా?"

"తోసేది మలుపులోకి తిప్పగానేనా, మధ్యలో నిలకడగా ఉన్నప్పుడా?"

"మధ్యలోనే. ఎంత తిప్పినా పోతూనే ఉంటుంది."

"అయితే డ్యాంపర్ జోలికి పోకు తమ్ముడూ. బండి ఒక వాలులో కుదురుకున్నాక డ్యాంపర్ చేసేదేమీ ఉండదు. ముందు గాలి, తర్వాత క్యాంబర్, ఆ తర్వాత యాంటీ రోల్ బార్ చూడు."

అతని టైర్లు వేడి మీద 36 ఉన్నాయి. 30కి దించుకుని వెళ్లి, తర్వాతి సెషన్ నుంచి నవ్వుతూ వచ్చాడు. వెనక బార్ గట్టిది వేసుకుందామని అనుకున్నాడట. అది కూడా ముందు తోయడాన్ని తగ్గిస్తుంది నిజమే, కానీ పదకొండో మలుపులాంటి నెమ్మది మలుపులో లోపలి వెనక చక్రం తేలిపోయి, మామూలు డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలకూ శక్తి పంచే గేర్లు) ఉన్న బండి అక్కడే చక్రం తిప్పుకుంటూ ఉండిపోతుంది.

నా బండి ముందు క్యాంబర్ మైనస్ 2.4 డిగ్రీలు ఉంది. మియాటాకి కింది ఆర్మ్‌ల బోల్టులకు క్యామ్ ప్లేట్లు (తిప్పితే ఆర్మ్‌ను అటూ ఇటూ జరిపేవి) ఉంటాయి. ముందు, వెనక రెండు క్యామ్‌లనూ ఒకే రకంగా జరిపితే క్యాంబర్, ఎదురెదురుగా జరిపితే క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే చక్రం తిరిగే ఇరుసు వాలు) మారతాయి. కంపెనీ భాగాలతో మైనస్ 2 దాటడం కష్టం. పొడవాటి కింది బాల్ జాయింట్లు వేసి ఉన్నాయి కాబట్టి ఇంకా చోటుంది. ప్రతి క్యామ్ మీదా తెల్ల పెయింట్ మార్కర్‌తో పాత స్థానం గీశాను. చక్రాలను చెక్కల మీదికి ఎక్కించి, నట్లు సడలించి, రెండు వైపులా సమానంగా ఆర్మ్‌లను బయటికి జరిపాను. 15 అంగుళాల రిమ్ మీద పై అంచు, కింది అంచుల మధ్య 7 ఎంఎం తేడా అంటే ఒక డిగ్రీ. మూడున్నర ఎంఎం జరిగేసరికి మైనస్ 2.9 వచ్చింది. నట్లు చేత్తో బిగించి, బండిని ముందుకీ వెనక్కీ తోసి, సస్పెన్షన్ కుదురుకున్నాక మళ్లీ కొలిచి అప్పుడు టార్క్ వేశాను.

పని అక్కడితో అయిపోదు. ఈ బండిలో స్టీరింగ్ ర్యాక్ ఇరుసుకి ముందు ఉంటుంది. కింది ఆర్మ్ బయటికి జరిగితే చక్రాల ముందు అంచులు లోపలికి తిరుగుతాయి. రెండు అల్యూమినియం పలకలు టైర్లకు ఆనించి, ముందొక టేపు, వెనకొక టేపు పట్టి కొలిస్తే ముందువైపు 4 ఎంఎం తక్కువ వచ్చింది. టై రాడ్లు రెండూ సమానంగా పొడిగించి సున్నాకి తెచ్చాను. ఒక్కదాన్నే తిప్పితే బండి తిన్నగానే పోతుంది, స్టీరింగ్ మాత్రం వంకరగా నిలుస్తుంది. వెనక టో పిట్‌లో ఎవరూ ముట్టుకోకూడదని నా గట్టి అభిప్రాయం. ఒక్కో చక్రం 1 ఎంఎం లోపలికి ఉండాల్సింది పొరపాటున బయటికి తిరిగితే, తొమ్మిదో మలుపు రెయినీ కర్వ్ దిగుడులో బండి వెనక భాగం ముందుకొచ్చేస్తుంది.

మధ్యాహ్నం సెషన్ తర్వాత అదే టైరు: లోపల 85, మధ్య 83, బయట 82. రెండో మలుపులో స్టీరింగ్ తిప్పాల్సిన కోణం కంటికి కనిపించేంత తగ్గింది. జిప్ టై బంప్ స్టాప్‌కి 6 ఎంఎం ముందే ఆగింది. ఎండెక్కింది కనుక గాలి మరో 1 పీఎస్ఐ దించాల్సి వచ్చింది.

తిరుగు ప్రయాణానికి ముందు గాలి మళ్లీ కొట్టాలి. చాలామంది ఇది మర్చిపోతారు. వేడి మీద 30 ఉన్న టైరు రాత్రికి చల్లారితే 23కి దిగుతుంది. ఫ్రీవే మీద ఆ గాలితో పోతే అంచులు అరుగుతాయి, గుంత తగిలితే రిమ్ సొట్ట పడుతుంది. ఈ బండికి కంపెనీ చెప్పింది 26. టైర్లు పూర్తిగా చల్లారాక అక్కడికి తెచ్చి, డ్యాంపర్లు 14 క్లిక్కులకు తెరిచి, 68 మీద నుంచి లారెలెస్ గ్రేడ్ ఎక్కి కార్మెల్ వ్యాలీ వైపు దిగాను. అతుకులు వేసిన తారు, ఇరుకు మలుపులు. కొత్త క్యాంబర్‌ని రోడ్డు మీద పరీక్షించడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. తారు వాలు వెంట బండి కొద్దిగా లాగింది గానీ బ్రేకు వేసినప్పుడు తిన్నగానే నిలిచింది. మైనస్ 2.9 అంటే రోడ్డు టైర్లు తినేస్తుందని భయపెడతారు. టో సున్నాలో ఉంటే అంత తినదు. టైరుని అసలు తినేది టో. కాబట్టి ఈ అంకెలే ఉంచేశాను.

మర్నాడు బండి లేపి క్యామ్ గీతలు చూశాను. కార్క్‌స్క్రూ కెర్బులు (ట్రాక్ అంచు దిమ్మెలు) ఎక్కినా ఏదీ జరగలేదు. టై రాడ్ లాక్ నట్లు, చక్రాల నట్లు మళ్లీ టార్క్ చూశాను. వెనక కుడి డ్యాంపర్ సీలు కింద నూనె తడి కనిపించింది. పల్చటి పొర అయితే మామూలే, దుమ్ము అంటుకుని నల్లగా కనిపిస్తుంది. బొట్టు కట్టిందంటే సీలు పోయినట్టు. శుభ్రంగా తుడిచి, ఓ వారం రోడ్డు మీద తిప్పి మళ్లీ చూస్తాను. బొట్టు కడితే విప్పి రీబిల్డ్‌కి పంపాలి, ఎడమది కూడా దానితోపాటే. ఒకటి కొత్త నూనెతో, ఒకటి పాత నూనెతో ఉంటే రెండు వైపులా అదే క్లిక్కు అదే పని చేయదు.