మైక్రోవేవ్‌లో రాగి జావ

నాన్నకు కింది పళ్లు రెండు తీయించాం. వారం రోజులు మెత్తని తిండే పెట్టమన్నారు. పొద్దున ఏడున్నరకల్లా నేను బస్సెక్కాలి. ఒక పొయ్యి మీద అన్నం, ఇంకో దాని మీద కూర ఉంటాయి. అందుకే జావ మైక్రోవేవ్‌లో కాచడం మొదలుపెట్టాను.

రెండు చెంచాల రాగి పిండి, ఒక గ్లాసు చన్నీళ్లు. వేడినీళ్లలో వేస్తే పిండి పైపొర వెంటనే ఉడికిపోయి, లోపల పొడిగానే ఉండి ఉండలు కడుతుంది. చన్నీళ్లలో ముందే వేళ్లతో కలిపేస్తే ఆ బెడద ఉండదు. గాజు గిన్నె బాగా పెద్దది తీసుకోండి, జావ ఒక్కసారిగా పైకి పొంగుతుంది.

మొదటి నిమిషం తర్వాత తీసి చూస్తే అడుగున పిండి పేరుకుని ఉంటుంది. బాగా కలపాలి. అక్కణ్ణుంచి 30 సెకన్లకోసారి తీసి కలుపుతూ ఉండాలి. అంచుల దగ్గర ముందు చిక్కబడుతుంది, నడుమ ఇంకా నీళ్లగానే ఉంటుంది. అంచును చెంచాతో నడుమకు లాగాలి. రంగు ముదిరి, చెంచా మీంచి నిగనిగలాడుతూ జారితే ఉడికినట్టే. పచ్చి వాసన వస్తే ఇంకో 30 సెకన్లు. మా ఇంట్లో మొత్తం మూడున్నర నిమిషాలు పడుతోంది.

ఉప్పు, మజ్జిగ చల్లారాకే కలుపుతాను. వేడి మీద పోస్తే మజ్జిగ విరిగిపోతుంది.

పుండు మానేదాకా ఉల్లిపాయ వద్దన్నాను. "ముక్కలు లేకుండా జావేంటమ్మా" అన్నారు నాన్న, గ్లాసు మాత్రం ఖాళీ చేసి ఇచ్చారు. నిన్నటి నుంచి సన్నగా తరిగి వేస్తున్నాను.