తాగి దొరికిన తొమ్మిదో తరగతి పిల్లాడికి టీసీ ఇస్తే ఏమవుతుంది?

ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఎవరైనా తాగి దొరికితే మన బళ్లు చేసేవి రెండే: ప్రేయర్‌లో అందరికీ హితబోధ, దొరికినవాడికి టీసీ. హితబోధ వల్ల పెద్దగా ఒరిగేదీ లేదు, పోయేదీ లేదు. టీసీ మాత్రం నిజంగా చేటు చేస్తుంది. బడి పోయినవాడికి మిగిలేది తనకన్నా పెద్దవాళ్ల సావాసమే.

ముందు మీ బడి ఎలా ఉందో పిల్లల్నే అడగండి. ఒక్క పేజీ, పేరు, రోల్ నంబరు వద్దు, టిక్కులు చాలు. బడికి రావాలనిపిస్తుందా? ఇక్కడ ఎవరైనా ఏడిపిస్తున్నారా? కష్టమొస్తే చెప్పుకోగల టీచరు ఒక్కరైనా ఉన్నారా? గత 30 రోజుల్లో మద్యం గానీ కల్లు గానీ తాగావా? ఎక్కడ? కల్లు అని విడిగా రాయాల్సిందే, దాన్ని మందు కింద లెక్కవేయని ఊళ్లున్నాయి. క్లాస్ టీచరు బెంచీల మధ్య తిరిగితే జవాబులన్నీ ‘లేదు’ అనే వస్తాయి. వేరే సెక్షన్ టీచరు బోర్డు దగ్గరే నిలబడాలి, కాగితాలు పిల్లలే మడిచి డబ్బాలో వేయాలి. పదిహేను మందే ఉన్న తరగతి లెక్క విడిగా బయటపెట్టొద్దు. ఎవరు రాశారో ఇట్టే పట్టేస్తారు.

‘ఎక్కడ’ అన్నదానికి ‘ఇంట్లో, ఫంక్షన్లో’ అని ఎక్కువగా వస్తే తల్లిదండ్రుల్ని పిలవండి. పిల్లలకు మద్యం ఇస్తే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు కఠిన జైలు, లక్ష వరకు జరిమానా. ఇది చాలామందికి తెలియదు.

చెప్పుకునే మనిషి లేరన్న జవాబులు ఎక్కువుంటే అసలు పని అక్కడుంది. బీహార్ నలంద జిల్లాలో 74 హైస్కూళ్లలో ‘సెహెర్’ అనే కార్యక్రమం మీద ప్రయోగం జరిగింది, ఫలితాలు 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. అది ప్రధానంగా కొలిచింది బడి వాతావరణాన్ని, మద్యాన్ని కాదు. అయినా మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది: అదే కార్యక్రమాన్ని శిక్షణ పొందిన కౌన్సెలర్లు నడిపిన బళ్లలో వాతావరణం మెరుగుపడింది, ఏడిపించడం, కొట్టుకోవడం తగ్గాయి; టీచర్లు నడిపినచోట తేడా రాలేదు. మార్కులు వేసే మనిషికి తొమ్మిదో తరగతి పిల్లాడు గుట్టు విప్పడం కష్టమని మేమనుకుంటాం. పాఠం చెప్పని ఒకరికి వారంలో రెండు పూటలు గది కేటాయించండి, తలుపు స్టాఫ్ రూమ్ వైపు ఉండకూడదు.

తాగి వచ్చిన రోజు విచారణ పెట్టొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఒంటరిగా వదలకుండా చూడండి. లేపినా లేవకపోతే, ఊపిరి మందగిస్తే 108కి ఫోన్ చేయండి. తేరుకున్నాక కౌన్సెలర్ ద్వారా ఇంటివాళ్లతో మాట్లాడించి, వాళ్లకు డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446 రాసివ్వండి. హాజరు పట్టీలో పేరు కొట్టేయకండి.